స్టేటస్ అక్కడ, స్టాంపింగ్ ఇక్కడ



మా అన్నవరం వైపు పెళ్ళి ముహూర్తాలు పెట్టే తీరు ఈమధ్య కొంచెం మారిందండి. ఇదివరకు పంతులుగారు పంచాంగం చూసి చెప్పిన రోజుకి అందరూ సెలవులు సర్దుకునేవారు. ఇప్పుడు ఇంట్లో ఎవరైనా అమెరికాలో ఉంటే, హైదరాబాదు కాన్సులేట్‌లో వీసా ఇంటర్వ్యూకి స్లాటు ఎప్పుడు దొరికిందో ముందు చెప్పమంటున్నారు పంతులుగారే. రత్నగిరి కొండ మీద పెళ్ళి, మర్నాడు పీటల మీద కూర్చుని సత్యనారాయణస్వామి వ్రతం, అడ్డాకు పొట్లంలో గోధుమనూక ప్రసాదం, ఆ రాత్రే రైలు, తెల్లారేసరికి సికింద్రాబాదు. గోరింటాకు పండిన వేళ్ళే తిన్నగా వేలిముద్రల మిషను మీదికి వెళతాయి.

ఇందులో కొత్తగా అమెరికా వెళ్ళబోయేవాళ్ళ సంగతి నేను చెప్పడం లేదు. వాళ్ళ కోసం ఊరూరా కన్సల్టెన్సీలు ఉన్నాయి. నేను చెప్పేది ఇప్పటికే అమెరికాలో ఉండి, అక్కడే విద్యార్థిగా మారి, ఒకటి రెండేళ్ళు చదివి, ఇంట్లో ఏదో శుభకార్యానికి వచ్చిన పిల్లల గురించి. వాళ్ళకి మళ్ళీ వీసా ఎందుకు అన్నది పెద్దవాళ్ళకు అస్సలు మింగుడుపడదు.

"మా అమ్మాయికి ఎఫ్-1 అయిపోయిందండి మాస్టారూ. అక్కడి గవర్నమెంటు వాళ్ళే కాయితం పంపారండి. మళ్ళీ హైదరాబాదు వెళ్ళి అడుక్కోవడం ఏంటండి?" అని ఒక తల్లి నన్ను నిలదీశారు. ఆవిడ చెప్పిన కాగితం నిజమైనదే. ఆవిడ కోపమూ న్యాయమైనదే. కానీ ఆ కాగితం చేసే పని వేరు.

వీసా అన్నది పాస్‌పోర్టు పేజీలో అంటించేది. దాన్ని ఇచ్చేది అమెరికా విదేశాంగ శాఖ, కాన్సులేట్ల ద్వారా. అది ఉంటే విమానం ఎక్కనిస్తారు, అక్కడి విమానాశ్రయంలో అధికారి ముందు నిలబడనిస్తారు. అంతవరకే దాని పని. లోపలికి వచ్చాక ఏ హోదాలో ఉంటారు, ఎన్నాళ్ళు ఉంటారు అన్నది ఐ-94 అనే రికార్డులో ఉంటుంది. అది హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ చేతిలోది. దాన్నే మన పిల్లలు స్టేటస్ అంటారు. రెండూ వేర్వేరు శాఖలవి, కాబట్టి ఒకరు ఇచ్చిన దానికి ఇంకొకరు కట్టుబడి ఉండాలన్న నియమం లేదు.

చూడడానికి వెళ్ళినవాళ్ళు గానీ, భర్త హెచ్-1బి ఉద్యోగం మీద హెచ్-4 గా వెళ్ళినవాళ్ళు గానీ అక్కడే కాలేజీలో సీటు తెచ్చుకుంటే, ఐ-539 అనే ఫారం పెట్టి ఎఫ్-1 అనే విద్యార్థి స్టేటస్‌కి మారవచ్చు. నెలల తరబడి ఆగాక ఐ-797 అనే మంజూరు కాగితం వస్తుంది. దాని కింది భాగంలోనే కొత్త ఐ-94 అచ్చువేసి ఉంటుంది. ఆ తల్లి చేతిలో ఉన్నది అదే. ఆ కాగితం అమెరికా గడప లోపల ఉన్నన్నాళ్ళూ పనిచేస్తుంది. గడప దాటి బయటికొస్తే పాస్‌పోర్టులో మిగిలేది పాత టూరిస్టు వీసా గానీ, పాత హెచ్-4 గానీ. వాటితో విద్యార్థిగా తిరిగి ప్రవేశం ఉండదు. అందుకని స్టేటస్ అక్కడ మార్చుకున్న మనిషి, మొట్టమొదటిసారి విద్యార్థి వీసా కోసం ఇక్కడ, మన హైదరాబాదులో, కిటికీ ముందు నిలబడాలి. మనవాళ్ళ భాషలో ఇదే స్టాంపింగ్.

ఒక్క మినహాయింపు ఉంది. కెనడాకో మెక్సికోకో వెళ్ళి 30 రోజుల్లోపు తిరిగొచ్చేవాళ్ళకు, స్టేటస్ మారి ఉంటే, పాత వీసానే కొత్తదానిగా లెక్కవేసి రానిస్తారు. మధ్యలో అక్కడ కొత్త వీసాకి దరఖాస్తు పెట్టకూడదు. నయాగరా జలపాతం అవతలి ఒడ్డు చూసి రావడానికి ఈ సౌకర్యం సరిపోతుంది, అన్నవరం రావడానికి సరిపోదు.

హైదరాబాదు అన్నాను గానీ, ఆ సుఖం కూడా పాతదేం కాదు. ఇక్కడ కాన్సులేట్ లేనప్పుడు తెలుగువాళ్ళందరూ మద్రాసులో జెమిని బ్రిడ్జి పక్కన క్యూ కట్టినవాళ్ళే. 2008 అక్టోబరులో బేగంపేట పైగా ప్యాలెస్‌లో కాన్సులేట్ తెరిచారు. 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడలో కొత్త భవనంలోకి మారింది. ఇంకో విచిత్రం చెప్పనా? మా సత్యదేవుడు రత్నగిరి మీద వెలిసింది 1891లో, గోర్స కిర్లంపూడి జమీందారు ఇనుగంటి వెంకట రామనారాయణిం బహద్దూరు గారి కాలంలో. అమెరికా కేంద్ర ప్రభుత్వం వలసలు చూసుకోడానికంటూ ప్రత్యేకంగా ఒక శాఖ పెట్టుకుంది కూడా సరిగ్గా 1891లోనే. అప్పుడు ఈ రెండింటికీ ఒకనాడు ముడి పడుతుందని ఎవరూ అనుకుని ఉండరు.

సరే, అసలు చిక్కు దగ్గరికి వద్దాం. మా వైపు ఎక్కువగా కనిపించేది హెచ్-4 అమ్మాయిల సంగతి. బీటెక్ చదివి, కాకినాడలోనో రాజమండ్రిలోనో ఉద్యోగం చేస్తూ ఉండగా పెళ్ళవుతుంది. భర్త వెనక హెచ్-4 మీద వెళుతుంది. హెచ్-4 మీద చదువుకోవచ్చు గానీ, ఉద్యోగం చేసే వీలు లేదు. భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశకు చేరితే మాత్రం, 2015 నుంచి కొందరికి పని అనుమతి ఇస్తున్నారు. ఆ దశ రాని వాళ్ళు ఎమ్మెస్‌లో చేరి ఎఫ్-1కి మారతారు. ఎందుకంటే ఎఫ్-1 మీద చదివితే చివర ఓపీటీ కింద ఏడాది పని చేయవచ్చు. సైన్సు, ఇంజనీరింగు చదువులకైతే దానికి మరో 24 నెలలు కలుస్తాయి. చదువుకున్న అమ్మాయి ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేదు కదా. ఇందులో తప్పు పట్టాల్సింది ఏమీ లేదు.

కానీ వీసా కిటికీ దగ్గర లెక్క తిరగబడుతుంది. హెచ్-1బి, హెచ్-4 వాళ్ళను "మీరు తిరిగి వెళ్ళిపోతారా" అని చట్టం అడగదు. స్థిరపడే ఉద్దేశం ఉన్నా వాళ్ళకు వీసా ఇవ్వవచ్చు. ఎఫ్-1కి అలా కాదు. చదువు అవగానే సొంత దేశం వెళతానని అధికారిని నమ్మించాలి. 214(బి) అనే సెక్షను ప్రకారం ఎదుటి మనిషి అక్కడే ఉండిపోవడానికే వస్తోందని ముందే అనుకోవాలి, కాదని రుజువు చేసుకునే బాధ్యత ఆ మనిషిదే. ఇప్పుడు ఈ అమ్మాయి భర్త డాలసులో ఉద్యోగం చేస్తున్నాడు. అతని కంపెనీ గ్రీన్‌కార్డు ఫైలు కదిపింది. ఇల్లు అక్కడే, కాపురం అక్కడే. "చదువు అయ్యాక ఏం చేస్తావమ్మా?" అని అడిగితే ఏం చెప్పాలి? నిన్నటిదాకా ఈ ప్రశ్న లేని మనిషికి, స్టేటస్ మార్చుకున్న పాపానికి ఈ ప్రశ్న ఎదురైంది. మంజూరు కాగితం ఇచ్చిన శాఖ ఈ సంగతి ఆమెకు చెప్పదు. చెప్పాల్సిన కన్సల్టెన్సీకి ఫీజు ముందే ముట్టింది.

అయితే ఇలాంటి అమ్మాయికి ఒక వెనక దారి ఉంది. పాస్‌పోర్టులో హెచ్-4 వీసా గడువు ఇంకా ఉండి, భర్త హెచ్-1బి చెల్లుబాటులో ఉంటే, ఎఫ్-1 రాకపోయినా హెచ్-4 మీదే తిరిగి వెళ్ళవచ్చు. అప్పుడు స్టేటస్ మళ్ళీ హెచ్-4 అయిపోతుంది, ఐ-539 మళ్ళీ మొదటినుంచి పెట్టుకోవాలి. ఖర్చూ కాలమూ పోతాయి గానీ సంసారం చెరో ఖండంలో మిగలదు. బయల్దేరే ముందే భార్యాభర్తలు కూర్చుని ఈ లెక్క చూసుకోవాలి.

టూరిస్టుగా వెళ్ళి మారినవాళ్ళకు ఆ దారి కూడా లేదు. వాళ్ళ పరిస్థితి చెప్పాలంటే మన వ్రతకథనే తలుచుకోవాలి. వ్రతం చేయించుకున్న ప్రతి ఇంట్లోనూ ఈ కథ విన్నవాళ్ళే. సాధువనే వర్తకుడు పడవ నిండా ధనంతో వస్తుంటే, స్వామి సన్యాసి వేషంలో ఎదురొచ్చి "నాయనా, పడవలో ఏముంది?" అని అడుగుతాడు. ఆకులూ అలములూ అంటాడు వర్తకుడు. అడిగినవాడికి జవాబు ముందే తెలుసు. కాన్సులేట్ కిటికీ అవతల కూర్చున్న మనిషికీ అంతే. మీరు గతంలో పెట్టిన ప్రతి డీఎస్-160 వీసా దరఖాస్తు ఫారమూ, అప్పుడు చెప్పిన ప్రతి జవాబూ ఆయన ముందు తెర మీద ఉంటాయి. "మూడు వారాలు అక్క దగ్గర ఉండి వస్తానని వీసా తీసుకున్నావు. దిగిన రెండో నెలలో కాలేజీలో చేరావు. వెళ్ళేటప్పుడే ఈ ఆలోచన ఉందా?" అంటారు. వాళ్ళ నియమావళిలో 90 రోజుల లెక్క ఒకటి ఉంది. దిగిన 90 రోజుల్లోపు, చెప్పిన పనికి విరుద్ధంగా అనుమతి లేకుండా చదువు మొదలుపెట్టడం లాంటివి చేస్తే, ముందే అబద్ధం చెప్పి ఉంటారని అనుకోవచ్చు. అబద్ధమని తేలిందా, ఆ మచ్చ జీవితాంతం వెంట వస్తుంది. ఒట్టి తిరస్కారం కంటే అది చాలా పెద్ద శిక్ష. తిరస్కరిస్తే మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. అబద్ధం రాసిన ఫారాన్ని ఎవరూ వెనక్కి ఇవ్వరు.

నిజంగానే అక్కడికి వెళ్ళాక మనసు మారినవాళ్ళు ఉంటారు. అలాంటివాళ్ళు ఎప్పుడు మారింది, ఎందుకు మారింది అన్నది ఉన్నదున్నట్టు చెప్పాలి. సీటు ఇచ్చిన కాలేజీ ఉత్తరం తేదీ, ఐ-539 పెట్టిన తేదీ, మంజూరైన తేదీ, క్లాసులు మొదలైన తేదీ, ఇవి వరసగా ఉంటే మాట నమ్మదగ్గదిగా ఉంటుంది. టూరిస్టు స్టేటస్‌లో ఉన్న మనిషి మంజూరు రాకముందు కోర్సు మొదలుపెట్టకూడదు. ఫారం పెట్టి అది ఇంకా తేలకుండా ఇండియాకి బయల్దేరితే దాన్ని వదిలేసుకున్నట్టే లెక్క. తాతగారు పోయారనో, అన్నప్రాసన అనో వచ్చి ఇలా చిక్కుకుపోయినవాళ్ళు చాలామంది.

ఇంగ్లండులో ఈ గొడవే లేదు. సందర్శకులుగా వెళ్ళినవాళ్ళు అక్కడే విద్యార్థులుగా మారడానికి వీల్లేదు, వెనక్కి వచ్చి పెట్టుకోవాల్సిందే. కటువుగా ఉంటుంది గానీ కనీసం ఎవరికీ భ్రమ ఉండదు.

స్టేటస్ నిలబెట్టుకోవాలన్న ఆత్రంలో మన పిల్లలు పడిన గోతులు రెండు చెప్పాలి. ఒకటి కాలిఫోర్నియాలో ప్లెజంటన్ అనే ఊళ్ళో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ. 2011 జనవరిలో దాన్ని మూయించేనాటికి పదిహేను వందల పైచిలుకు విద్యార్థులు. అత్యధికులు భారతీయులు, వారిలోనూ ఎక్కువమంది అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పిల్లలు. రికార్డుల్లో సగం మందికి పైగా ఒకే అపార్ట్‌మెంటులో కాపురం ఉన్నట్టు రాసి ఉంది! కొందరు విద్యార్థుల కాళ్ళకు రేడియో పట్టీలు కట్టారు. పశువులకు కట్టినట్టు కడతారా అని ఇక్కడ పెద్ద గొడవ జరిగింది, మన విదేశాంగ మంత్రిగా ఉన్న ఎస్.ఎం.కృష్ణ గట్టిగానే అడిగారు. ఆ యూనివర్సిటీ పెట్టిన సుసాన్ సూకి 2014లో 16 ఏళ్ళ పైచిలుకు జైలు పడింది. రెండోది ఇంకా ఘోరం. మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అని ఒకటి. మాస్టార్లు లేరు, క్లాసులు లేవు. దాన్ని నడిపింది ప్రభుత్వ అధికారులే, వల వేయడానికి. 2019 జనవరి చివర్లో 129 మంది భారతీయుల్ని పట్టుకున్నారు. వాళ్ళలో ఎక్కువమంది తెలుగువాళ్ళే. పిల్లల్ని చేర్పించి కమీషన్లు తిన్న ఎనిమిది మంది దళారుల మీద కేసులు పెట్టారు. ఆ దళారులూ మనవాళ్ళే.

క్లాసుకి వెళ్ళకుండా మొదటి రోజునుంచే ఉద్యోగం చేసుకోవచ్చు అని చెప్పే కాలేజీ ఏదైనా సరే, అక్కడ స్టేటస్ ఉన్నట్టు కనిపిస్తుంది. స్టాంపింగ్‌కి వచ్చేదాకా ఏమీ కాదు. కిటికీ దగ్గర ఆ కాలేజీ పేరు చెప్పక తప్పదు. "వారానికి ఎన్ని రోజులు క్లాసు? ఎక్కడ ఉంటావు? కాలేజీ ఏ ఊళ్ళో?" అని మూడు ప్రశ్నలు చాలు.

అందరికంటే నాకు జాలి కలిగించేది ఇంకొక వర్గం. తల్లిదండ్రుల హెచ్-1బి మీద నాలుగైదేళ్ళ వయసులో హెచ్-4 గా వెళ్ళిన పిల్లలు. గ్రీన్‌కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ ఏడు శాతం మించి ఇవ్వకూడదన్న కోటా వల్ల, భారతీయుల వరస పదేళ్ళు దాటి వెనకబడి ఉంది. తండ్రి వంతు వచ్చేలోపు పిల్లవాడికి 21 నిండుతాయి. ఆ పుట్టినరోజుతో హెచ్-4 పోతుంది. పెరిగిన ఊరు, స్నేహితులు, భాష అన్నీ అక్కడివే, కానీ ఉండాలంటే విదేశీ విద్యార్థిగా ఎఫ్-1కి మారాలి. ఇలాంటి పిల్లలే ఇంప్రూవ్ ద డ్రీమ్ అనే సంఘంగా ఏర్పడ్డారు. వాళ్ళ కోసం 2021లో అమెరికా చట్టసభలో ఒక బిల్లు కూడా పెట్టారు, అది చట్టం కాలేదు. అలాంటి పిల్ల నాయనమ్మను చూడడానికి అన్నవరం వచ్చి, హైదరాబాదు కిటికీ దగ్గర, చదువు అయ్యాక నా దేశం వెళతాను అని చెప్పాలి. ఏ దేశం? తెలుగు కూడబలుక్కుని మాట్లాడే ఆ పిల్ల ఆ మాట ఎలా చెప్పగలదు? చట్టం ఇక్కడ మనిషిని చూడకుండా ఫారాన్నే చూస్తోందని నా అభిప్రాయం.

ఈమధ్య మారిన సంగతులు కొన్ని. 2025 జూన్ నుంచి విద్యార్థి వీసాకి వెళ్ళేవాళ్ళు తమ సోషల్ మీడియా ఖాతాలు అందరికీ కనిపించేలా తెరిచి ఉంచాలి. సెప్టెంబరు నుంచి, ఇంటర్వ్యూ లేకుండా కాగితాలు వేసి వచ్చే డ్రాప్ బాక్సు దాదాపు పోయింది, విద్యార్థులైతే అందరూ ఇంటర్వ్యూకి రావాల్సిందే. ఆ నెలలోనే, సొంత దేశంలో గానీ నివాసం ఉన్న దేశంలో గానీ దరఖాస్తు పెట్టుకోవాలని చెప్పారు. సింగపూరులోనో దుబాయిలోనో స్లాటు పట్టి పని కానిచ్చుకునే అలవాటుకు దాంతో తెరపడింది. అదే ఏడాది ఏప్రిల్‌లో వేలమంది విద్యార్థుల సెవిస్ రికార్డులు చెప్పాపెట్టకుండా రద్దుచేసి, కోర్టుల్లో కేసులు పడ్డాక మళ్ళీ పునరుద్ధరించారు. సెవిస్ అంటే 2003 నుంచి నడుస్తున్న విద్యార్థుల కంప్యూటరు చిట్టా. స్టాంపింగ్‌కి బయల్దేరే ముందు ఆ చిట్టాలో తమ పేరు యాక్టివ్‌గా ఉందో లేదో కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసులో అడిగి తెలుసుకోవాలి.

అదే ఆఫీసులో, కాలేజీ ఇచ్చిన ఐ-20 కాగితం రెండో పేజీ తీయించి చూసుకోండి. అక్కడ ప్రయాణానికి సంతకం పెట్టే గడులు ఉంటాయి. ఆ సంతకం ఏడాది లోపుది అయ్యుండాలి. సెవిస్ ఫీజు 350 డాలర్లు స్టేటస్ మార్చుకున్నప్పుడే కట్టి ఉంటే మళ్ళీ అక్కర్లేదు, రసీదు దగ్గరుంటే చాలు. వీసా దరఖాస్తు రుసుము 185 డాలర్లు మాత్రం కట్టాలి. మంజూరు కాగితం, మార్కుల జాబితాలు, ఫీజు కట్టిన రసీదులు అసలువే పట్టుకెళ్ళండి. ఇక డబ్బు సంగతి. కొబ్బరితోట విలువ కట్టించి ఆడిటరు సంతకంతో చూపించడం తప్పు కాదు, తోట మీదై ఉంటే. వారం రోజులకి అద్దెకి తెచ్చిన బ్యాంకు బ్యాలెన్సు మాత్రం ఆ వర్తకుడి ఆకులూ అలముల బాపతే.

ఇంటర్వ్యూలో 221(జి) స్లిప్పు ఇస్తే కంగారుపడకండి. అది నిరాకరణ అని రాసి ఉన్నా, అడిగిన కాగితాలు ఇచ్చాక చాలామందికి తేలుతుంది. అది వారాలు పట్టవచ్చు, ఒక్కోసారి నెలలు. అయిదు నెలలు దాటి బయట ఉండిపోతే కొత్త ఐ-20 తెచ్చుకోవాల్సి రావచ్చు. కాబట్టి పది రోజుల సెలవు పెట్టుకుని వచ్చి, పదకొండో రోజుకి తిరుగు టిక్కెట్టు కొనడం తెలివైన పని కాదు.

చివరగా తల్లిదండ్రులతో ఒక మాట. స్టేటస్ మార్చుకుని చదువుతున్న పిల్లలు "ఇప్పుడు రాలేం" అంటే, డాలర్లు చూసి మమకారం తగ్గిందని అనుకోకండి. చదువు పూర్తయ్యేదాకా కదలకుండా ఉండడమే చాలామందికి క్షేమం. చిలుకూరు బాలాజీకి ప్రదక్షిణలు మొక్కుకోండి, మా సత్యదేవుడికి వ్రతం మొక్కుకోండి, కాదనను. కానీ గృహప్రవేశానికి రాకపోతే పరువు పోతుందని వాళ్ళను బలవంతంగా విమానం ఎక్కించకండి. మీకు టూరిస్టు వీసా ఉంటే మీరే వెళ్ళి చూసి రండి.